ఇంకెన్నాళ్ళు ఫారాలు నింపిస్తం? మన బతుకు మనమే రాద్దాం!

వడ్డేపల్లిలో ఒక జీపు వచ్చి ఆగిందంటే మన ముసలోళ్ళు రెండే అనుకుంటారు. ఓట్లన్నా వచ్చి ఉండాలె, సర్వే అన్నా వచ్చి ఉండాలె. ఓట్ల జీపు ఐదేళ్ళకోసారి వస్తది. సర్వే జీపుకు కాలం లేదు. దిగినాయన మెడలో కార్డు, చేతిలో అట్ట, అట్ట మీద ఇంగ్లీషు ఫారం. ఇప్పుడు అట్ట పోయి ట్యాబ్ వచ్చింది, ఇంగ్లీషు మాత్రం పోలేదు. ఇంట్లో ఎంతమంది? పొలం ఎంత? పిల్లలు బడికి పోతున్నారా? వలస ఎన్ని నెలలు? అప్పు ఎంత? అరగంటలో ఒక బతుకంతా గడుల్లోకి ఎక్కుతది. జీపు లేపిన దుమ్ము అణగకముందే మనుషులు మాయమైతరు.

విలేకరులుగా నడిగడ్డ ఊళ్ళు తిరుగుతున్నప్పుడు ఇట్లాంటి ఒక సర్వే దగ్గర మేం నిలబడ్డాం. ఫారం నిండినంక ఒక అవ్వ అడిగింది: "ఇంతకు ముందుగూడ ఇట్లనే రాసుకపోయిండ్రు నాయినా. అండ్ల ఏం రాసిండ్రో ఒక్కసారన్న మాకు చదివి చెప్పిండ్రా?" సర్వే చేసే పిల్లగాడు తల దించుకున్నడు. మా దగ్గరా జవాబు లేదు. మేమూ అంతే గదా! ఫొటో తీసుకుంటం, నాలుగు మాటలు రాసుకుంటం, బస్సెక్కుతం.

ఆ అవ్వ అడిగిన ప్రశ్నే ఈ వారం మేం మీ ముందు పెడుతున్నం. కృష్ణా, తుంగభద్రల నడుమ పుట్టిన పిల్లలు సోషియాలజీలో ఎంఏ ఎందుకు చదవాలె? చదివితే ఎట్ల చదవాలె? రాష్ట్రం వచ్చి పదేళ్ళు దాటినంక గూడా ఆ చదువు మిగిలిపోయిన సీటుగా ఎందుకు మిగిలింది?

మన మీద రాసినోళ్ళు ఎందరో!

పాలమూరు మీద పుస్తకాలకు కొదువ లేదు. 1940లో ఆస్ట్రియా దేశస్తుడు హైమెండార్ఫ్ అమ్రాబాద్ గుట్టలెక్కి చెంచుల నడుమ ఉన్నడు. 1943లో ఆయన పుస్తకం అచ్చయింది. లోకంలో ఆంత్రోపాలజీ చదివే పిల్లలకు నల్లమల చెంచులు ఆ పుస్తకంతోనే తెలుసు. 1950ల మొదట్ల ఉస్మానియాలో పాఠం చెప్పిన శ్యామాచరణ్ దూబే తన బృందంతో హైదరాబాద్ పక్కనున్న శామీర్‌పేటను చదివిండు. 1955లో వచ్చిన ఆ పుస్తకం పేరు 'ఇండియన్ విలేజ్'. ఒక తెలంగాణ పల్లె దేశంలోని పల్లెలన్నింటికీ నమూనాగా నిలబడ్డది. 1990ల చివరి నుంచి సీడు పత్తి చేలల్ల ఆడపిల్లల చాకిరీ మీద దావులూరి వెంకటేశ్వర్లు నివేదికలు రాసిండు. మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాల చేలల్లో ఏం జరుగుతున్నదో యూరప్ దాకా తెలిసింది. పెద్ద పెద్ద విత్తన కంపెనీలు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది.

వీళ్ళను మేం తప్పు పట్టడం లేదు. వాళ్ళు రాయకపోతే ఆ మాత్రం గూడా లోకానికి తెలవకపోవు. కానీ ఒక్కటి చూడండి. చెంచుల మీద అంత పెద్ద పుస్తకం వచ్చి ఎనభై ఏళ్ళు దాటింది. అందులో ఏం రాసి ఉన్నదో ఎన్ని చెంచుపెంటల్లో ఎవరన్నా చదివి వినిపించిండ్రు? పత్తి పువ్వు ముట్టిన ఆ ఆడపిల్లలు ఇప్పుడు తల్లులయిండ్రు. తమ గురించి రాసిన నివేదిక అట్ట ఏ రంగుల ఉంటదో వాళ్ళకు తెలుసా?

సర్వే భాషలో మనకొక పేరున్నది. 'రెస్పాండెంట్'. అంటే అడిగినదానికి జవాబు చెప్పే మనిషి. ప్రశ్న తయారు చేసే హక్కు లేదు, లెక్క కట్టే హక్కు లేదు, తీర్పు రాసే హక్కు అసలే లేదు. నీళ్ళ దగ్గర, నౌకర్ల దగ్గర జరిగిన అన్యాయం మనకు తెలుసు, దాని మీద కొట్లాడినం. తెలివి దగ్గర జరిగిన ఈ అన్యాయం మీద మాత్రం ఒక్క ధర్నా చేయలేదు.

లెక్కలతోనే గెలిచినం, మరిచిపోయినమా?

తెలంగాణ కొట్లాట అంటే రాస్తారోకోలు, వంటావార్పులు, సకల జనుల సమ్మె అని ఇవాళ్టి పిల్లలు అనుకుంటున్నరు. అవన్నీ ఉన్నయి. మేమూ అండ్ల ఉన్నం, హైవే మీద కూసున్నం, ఠాణాల్లో పండుకున్నం. కానీ ఆ కొట్లాటకు ఎన్నెముక లెక్కలు. 1969లో తెలంగాణ మిగులు నిధులు ఎన్ని, ఎటు పోయినయి అన్న ప్రశ్న మీదనే జస్టిస్ భార్గవ కమిటీ వేయాల్సి వచ్చింది. 1985లో అధికారుల కమిటీ తేల్చిన 58,962 అనే అంకె మీదనే ఆ ఏడు డిసెంబర్ 30న 610 జీవో పుట్టింది. ఆ అంకెను ఎన్జీవో నాయకుడి నుంచి ఆటో డ్రైవర్ దాకా నోటికి చెప్పిండ్రు. జయశంకర్ సార్ ఎకనామిక్స్ చదివిన మనిషి. సభలో నిలబడితే ఆయన కోపం అంకెల్లో వినబడేది. పాలమూరు అధ్యయన వేదిక లాంటివి వలస మీద, నీళ్ళ మీద ఊరూరా తిరిగి రాసినయి. విశ్వవిద్యాలయాలు చేయాల్సిన పని అది.

శ్రీకృష్ణ కమిటీని గుర్తు చేసుకోండి. 2010 డిసెంబర్ 30న నివేదిక ఇచ్చింది, 2011 జనవరి 6న బయటపడ్డది. వందల పేజీల అంకెలు. హైదరాబాద్‌ను కలిపి చూస్తే ఒక తెలంగాణ, తీసేసి చూస్తే ఇంకో తెలంగాణ కనబడ్డది. ఆనాడు మన క్యాంపస్‌లలో, ఉద్యోగ సంఘాల ఆఫీసుల్లో రాత్రంతా కూసోని ఆ పట్టికలను ఒక్కొక్కటి విప్పి చూసినం. సగటు అనే మాట వెనుక ఏం దాచొచ్చో అప్పుడు మాకు తెలిసొచ్చింది. సోషల్ రీసెర్చ్ అని దానికి పేరున్నదని గూడా చాలామందికి తెలవదు.

గట్ల లెక్కలు నేర్చుకున్న జాతికి రాష్ట్రం రాంగనే ఆ సోయి ఎటు పోయింది?

మిగిలిన సీటు, కొన్న ప్రాజెక్టు

మాలో కొందరం సోషియాలజీ ఎంఏ చదివినోళ్ళం. ఏ విశ్వవిద్యాలయం అని అడగకండి, ఏ పేరు పెట్టినా చాలామందికి తమ కథ లాగే ఉంటది. ఎకనామిక్స్ రాలేదు, ఇంగ్లీషు రాలేదు, సోషియాలజీ వచ్చింది. "ఏదైతే ఏంది, హాస్టల్ సీటు దొరికింది గదా, గ్రూప్స్‌కు చదువుకుందాం" అని చేరినం. మా తప్పు మేం ఒప్పుకుంటున్నం.

క్లాసులో దుర్ఖైమ్, వెబర్, మార్క్స్. ముగ్గురూ మహానుభావులే. కానీ వాళ్ళను మాకు చెప్పింది పాత నోట్సులోంచి. ఆత్మహత్య మీద దుర్ఖైమ్ 1897లో పుస్తకం రాసిండని పరీక్షలో రాసినం, మార్కులు పడ్డయి. అదే కాలంలో మా ఊళ్ళల్లో రైతులు పురుగుల మందు తాగుతున్నరు. ఈ రెండింటికీ సంబంధం ఉన్నదని, ఒక మనిషి చావు వెనుక సమాజం ఎట్ల నిలబడి ఉంటదో చూపించడమే ఆ పుస్తకం సంగతని మాకు ఎవరూ చెప్పలేదు. రీసెర్చ్ మెథడ్స్ పేపర్‌లో శాంపిల్ ఎన్ని రకాలని బట్టీ పట్టినం, ఒక్క ఊరికి పోయి ఒక్క శాంపిల్ తీయలేదు. ఆఖరికి ప్రాజెక్టు రిపోర్టు. జిరాక్సు షాపులో పాతవి దొరికేటివి. ఊరి పేరు మార్చాలె, సంవత్సరం మార్చాలె, బైండింగ్ చేయించాలె. అట్ల తయారైన పుస్తకాల్లో మన ఊళ్ళ పేర్లు ఎన్నున్నయో! పోనోళ్ళు, చూడనోళ్ళు రాసిన ఊళ్ళు.

ఇంకా ఘోరం చెప్పాల్నా? గ్రూప్స్ సిలబస్ తెరవండి. తెలంగాణ సామాజిక సమస్యల కింద వెట్టి, జోగిని, బాల కార్మికులు, వలస, ఫ్లోరోసిస్, రైతుల దుస్థితి అని వరుసగా ఉంటయి. అది మన ఇంటి కథ. కోచింగ్ సెంటర్‌లో కూసున్న పాలమూరు పిల్లగాడు తన అవ్వ వలస పోయిన ముచ్చటను నాలుగు ఆప్షన్లున్న బిట్టుగా బట్టీ పడుతున్నడు. గుండ్రం దిద్దుతున్నడు. సరైన జవాబుకు మార్కు వస్తది. అవ్వ ఎందుకు పోయింది, ఎవరు తీసుకపోయిండ్రు, తిరిగొచ్చినంక ఏమైంది అన్నది మాత్రం ఏ గైడులో దొరకదు. అవ్వను అడగాలె. అడగడం ఒక విద్య. ఆ విద్య నేర్పేదే ఈ ఎంఏ.

అడగడం వస్తే ఏమైతది?

నడిగడ్డ నుంచే నాలుగు సంగతులు చెప్తం.

మొదటిది నీళ్ళు. రాజోలిబండ మళ్ళింపు పథకం, మనం ఆర్డీఎస్ అంటం. తుంగభద్ర మీద ఆనకట్ట రాయచూర్ జిల్లాలో ఉన్నది. మన వాటా 15.9 టీఎంసీలు, మన ఆయకట్టు 87,500 ఎకరాలు. కాయితం మీద ఈ అంకె ఎన్నడూ మారలేదు. కాల్వ చివరి ఊళ్ళల్లో మాత్రం బీడు పడ్డ చేన్లు, ఎండిన పంటలు ఏళ్ళ తరబడి చూసినం. 2018లో తుమ్మిళ్ల ఎత్తిపోతల మొదలుపెట్టాల్సి వచ్చిందంటేనే ఆ కాయితం అబద్ధమాడిందని సర్కారు ఒప్పుకున్నట్టు. ఇప్పుడు ఒక సర్వే వస్తదనుకోండి. "మీది ఆయకట్టు భూమేనా?" అని అడుగుతది. అవునంటం. సాగునీరు ఉన్న రైతుల ఖాతాలో పడిపోతం. "మొన్నటి పంటకు ఎన్ని తడులు అందినయి?" అని అడిగినోడు లేడు. అడిగినా సగటు తీస్తరు. పది మంది రైతుల్లో కాల్వ మొదట్లున్న ఐదుగురికి పది తడులు, చివరనున్న ఐదుగురికి సున్నా. సగటు ఐదు తడులు! రిపోర్టులో పది చేన్లు పచ్చగ ఉంటయి, ఊళ్ళో ఐదు చేన్లు మాడిపోతయి.

రెండోది పత్తి. సీడు పత్తిలో పని అంతా పువ్వు మీదనే. పొద్దుమీకి మొగ్గ విప్పి మగ భాగం తీసేయాలె, తెల్లారి పుప్పొడి అద్దాలె. ఒక్కొక్క పువ్వుకు చెయ్యి పెట్టాలె. దీన్నే మనం క్రాసింగ్ అంటం. వానాకాలం నడుమ మొదలైతే రెండు మూడు నెలలు రోజూ ఇదే. కంపెనీ ఆర్గనైజర్‌కు చెప్తది, ఆర్గనైజర్ రైతుకు అడ్వాన్సు ఇస్తడు, రైతు కూలీల ఇండ్లకు అడ్వాన్సు ఇస్తడు. అడ్వాన్సు ఎక్కడ ఆగుతదో అక్కడ పిల్లల బడి ఆగుతది. మరి సర్వే ఎప్పుడు వస్తది? జూన్, జూలైలో బడిబాట నడిచే దినాల్లో వస్తది. "పిల్ల బడికి పోతున్నదా?" "పోతున్నది సారూ, పేరున్నది." నిజమే, పేరున్నది. అదే ప్రశ్న క్రాసింగ్ నెలలో, పొద్దున ఎనిమిది గంటలకు, బడి దగ్గర గాక చేను గట్టు మీద అడిగితే జవాబు వేరే వస్తది. అడిగే నెల మారితే నిజం మారుతదని ఏ మాస్టర్స్ చదువు నేర్పుతదో ఆ చదువు మా నడిగడ్డకు గావాలె.

మూడోది వలస. పాలమూరు లేబర్ దేశమంతా కట్టలు కట్టింది, కాల్వలు తవ్వింది. గుంపు మేస్త్రీ చేతిలో అడ్వాన్సు తీసుకొని మూటాముల్లె సర్దుకున్న కుటుంబం ఇంటికి తాళం వేసి పోతది. సర్వే పిల్లగాడు వస్తడు. తాళం చూస్తడు. 'డోర్ లాక్' అని రాసి పక్కింటికి పోతడు. పక్కింట్ల ఎవరుంటరు? వలస పోనోళ్ళు. వాళ్ళను అడిగి వలస మీద రిపోర్టు రాస్తరు! 2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే పెడితే మన జనం ఎక్కడెక్కడి నుంచో బస్సులెక్కి, టాపుల మీద కూసోని ఊరికొచ్చింది ఎందుకు? తాళం వేసిన ఇల్లు లెక్కలో ఉండదని వాళ్ళకు తెలుసు. ఆ ఒక్కరోజు తెలంగాణ మొత్తం సోషల్ రీసెర్చ్ పాఠం చెప్పింది. ఆ లెక్కలు పూర్తిగా జనం ముందుకు రానేలేదు.

నాలుగోది కౌలు. ఫారంలో 'సొంత భూమి ఎంత' అని గడి ఉంటది. 'కౌలు ఎంత' అని గడి లేకపోతే పదెకరాలు దున్నే మనిషి గూడా భూమి లేని కూలీగా దిగుతడు. 2018లో వచ్చిన రైతుబంధు పట్టా పుస్తకం చూసింది, దున్నే చెయ్యి చూడలేదు. ఫారంలో ఒక గడి లేకపోవడం ఎంత పెద్ద రాజకీయమో ఇంతకన్నా చెప్పాల్నా?

ఈ నాలుగింటికీ ఇంగ్లీషులో పెద్ద పెద్ద పేర్లున్నయి. ఆ పేర్లు ఇటలీలో ట్రెంటో విశ్వవిద్యాలయంలోనూ చెప్తరు. అక్కడ ఈ ఎంఏ పేరే 'సోషియాలజీ అండ్ సోషల్ రీసెర్చ్'. సిద్ధాంతం ఒక చెయ్యి, క్షేత్రం ఇంకో చెయ్యి, రెండూ కలిస్తేనే డిగ్రీ. 1962లో కొండల నడుమ ఒక చిన్న పట్నంలో సోషియాలజీ విద్యాలయం పెడితే 1968 నాటికి అక్కడి విద్యార్థులు ఇటలీని కదిలించిండ్రు. సమాజాన్ని చదివినోడు ఊకె కూసోడు. పాలకులకు ఈ చదువంటే ఎందుకు గిట్టదో ఇందులోనే ఉన్నది.

సర్కారుకు ఈ చదువంటే భయమా?

భయం ఉత్తగా అనడం లేదు. 2013 భూసేకరణ చట్టం ఒక మంచి మాట రాసింది. భూమి తీసుకునే ముందు సామాజిక ప్రభావం అంచనా వేయాలె. ఎవరి బతుకు ఏమైతదో ఊళ్ళోకి పోయి అడిగి, రాసి, ఊరి ముందు పెట్టాలె. ఇది సోషియాలజీ చదివినోళ్ళు చేయాల్సిన పని. శ్రీశైలం ముంపులో వందకు పైగా ఊళ్ళు నీళ్ళల్ల కలిసినప్పుడు గీ చట్టం లేదు. అలంపూర్, గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ ప్రాంతాల ముంపు జనం గోస దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగింది. ఆ తప్పు మళ్ళా జరగొద్దని వచ్చిన చట్టాన్ని మన సొంత రాష్ట్రం ఏం చేసింది? 2015 జూలైలో 123 జీవో తెచ్చి అడ్డదారిలో భూములు కొన్నది. 2016 ఆగస్టులో హైకోర్టు సింగిల్ జడ్జి దాన్ని కొట్టేసిండు. 2017లో సవరణ చట్టం తెచ్చి సర్కారు తలుచుకుంటే ప్రభావం అంచనా లేకుండనే పెద్ద ప్రాజెక్టులకు భూమి తీసుకోవచ్చని రాసుకున్నరు. రాష్ట్రం తెచ్చుకున్నది ఇందుకేనా?

ఇప్పుడు ప్రభుత్వం మారింది. పద్ధతి మారిందా? 2025 జూన్‌లో రాజోలి మండలం పెద్ద ధన్వాడలో ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని రైతులు తిరగబడ్డరు. కేసులయినయి. కోర్టుకు తెచ్చిన రైతుల చేతులకు బేడీలు వేసిన సంగతి రాష్ట్రమంతా చూసింది. ఆ రాజోలి మొన్న మొన్నటిదాకా వడ్డేపల్లి మండలంలోని ఊరే. 2009 అక్టోబర్‌లో తుంగభద్ర వరద మీద పడి, ఇండ్లు కూలి, మగ్గాలు మునిగిన ఊరు. ఫ్యాక్టరీ వస్తే ఎవరి బోరు ఏమైతది, ఎవరికి కూలి దొరుకుతది, ఎవరు ఊరు విడవాలె అని ఇల్లిల్లూ అడిగి రాసిన ఒక్క తెలుగు కాయితం ముందుగాల ఊరి చేతిలో ఉంటే ఆ కొట్లాట లాఠీల దాకా పోవునా?

2024 నవంబర్‌లో కులగణన జరిగింది. 57 ప్రశ్నలతో టీచర్లు, అంగన్‌వాడీ అక్కలు ఇల్లిల్లూ తిరిగిండ్రు. ఉద్యోగ మిత్రులారా, ఆ చాకిరీ మీకు తెలుసు. లెక్క తీసింది మంచిపనే. కానీ ఆ లెక్కను విప్పి చెప్పేటోళ్ళు మండలానికి ఎందరున్నరు? గద్వాల జిల్లా అక్షరాస్యత 2011 జనాభా లెక్కల ప్రకారం 49.87 శాతం. అంటే సగం గూడా లేదు. ఆనాటి మహబూబ్‌నగర్ జిల్లా 55.04 శాతంతో ఉమ్మడి రాష్ట్రంలోనే అడుగున ఉండె. మన గురించి మనకు చదివి చెప్పే పిల్లలు మన ఇండ్లల్లోంచి రాకపోతే ఆ అంకెలు మళ్ళా హైదరాబాద్‌లోనే తిరుగుతయి.

"చదివితే నౌకరి ఉన్నదా?"

ఇదే గదా మీరు అడిగేది! తల్లిదండ్రులు అడగడంలో న్యాయం ఉన్నది. అప్పు చేసి చదివించేటోళ్ళు అడుగుతరు. నౌకర్లు రాసిపెట్టి లేవు, మేం అబద్ధం చెప్పం. కానీ ఉన్న పనులనూ మన పిల్లలు అందుకోలేకపోతున్నరు. బేగంపేటలో సెస్ ఉన్నది, రాజేంద్రనగర్‌లో గ్రామీణాభివృద్ధి సంస్థ ఉన్నది, గిరిజన పరిశోధన సంస్థ ఉన్నది, అర్థగణాంక శాఖ ఉన్నది. ఊళ్ళ మీద పనిచేసే ఈ సంస్థలకు ఊరు తెలిసినోళ్ళు గావాలె. ఊరు తెలిసిన పిల్లగానికి కంప్యూటర్ మీద పట్టిక వేయడం రాదు, పట్టిక వేసే పిల్లగానికి ఊరు తెలవదు. ఈ రెండింటినీ ఒక్క మనిషిలో కలిపే చదువు పాలమూరులోనే ఎందుకు పుట్టకూడదు?

కొందరు పెద్దమనుషులు ఇంకో మాట అంటరు. "తమ ఊరి మీద తామే రాస్తే నిష్పక్షపాతంగా ఉంటదా?" అని. జవాబు చరిత్రలో ఉన్నది. 1896లో డుబాయిస్ అనే నల్లజాతి పండితుడు ఫిలడెల్ఫియాలో నల్లోళ్ళ వాడలో ఉండుకుంట ఇల్లిల్లూ తిరిగి ప్రశ్నలు అడిగిండు. నల్లోళ్ళే నగరానికి సమస్య అని తెల్ల పెద్దలు అనుకుంటున్న కాలం అది. పని దొరకనీయకపోవడం, అద్దెల దోపిడీ, వర్ణద్వేషం అసలు సమస్య అని 1899లో పుస్తకంగా అంకెలతో చూపించిండు. అమెరికా సోషియాలజీలో పునాది రాళ్ళ లాంటి పుస్తకాల్లో అది ఒకటి. మన అంబేడ్కర్ 1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో కులం పుట్టుక మీద ఒక సెమినార్ పేపర్ చదివిండు. అప్పుడు ఆయనకు 25 ఏళ్ళు, విద్యార్థి. కులం దెబ్బ తిన్న మనిషి కులం మీద రాసిన ఆ విద్యార్థి పేపర్ నూరేళ్ళు దాటినా ప్రపంచం చదువుతున్నది. దెబ్బ తిన్నోడికే నొప్పి ఎక్కడున్నదో తెలుస్తది. కొలిచే విద్య నేర్పితే వాడు అందరికన్నా సరిగ్గ కొలుస్తడు.

మేం అడిగేది ఏంది?

ఒకటి, పాలమూరు గడ్డ మీద సోషియాలజీ, సామాజిక పరిశోధన ఎంఏ పూర్తి స్థాయి అధ్యాపకులతో నడవాలె. గంటల లెక్కన జీతం తీసుకునే సారు నాలుగు కాలేజీలు తిరుగుతుంటే ఊరికి పిల్లలను ఎవరు తీసుకపోతరు?

రెండు, నాలుగు సెమిస్టర్లలో ఒకటి ఊళ్ళోనే గడవాలె. దానికి ప్రభుత్వం ఖర్చు పెట్టాలె. కూలికి పోయే ఇంటి పిల్ల ఫీల్డ్‌వర్క్ పేరుతో ఆరు నెలలు సొంత డబ్బుతో తిరగలేదు. స్కాలర్‌షిప్ రెండేళ్ళకు వస్తే ఆ ఫీల్డ్‌వర్క్ జిరాక్సు షాపులోనే జరుగుతది.

మూడు, తెలుగులో పుస్తకాలు గావాలె. 1918లో ఉస్మానియా ఉర్దూలో మొదలైనప్పుడు లోకంలోని శాస్త్రాలన్నింటినీ ఉర్దూలోకి తెచ్చేందుకు దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థ పెట్టిండ్రు. నూరేళ్ళ కింద నిజాం సర్కారుకు వచ్చిన ఆలోచన మనకెందుకు రాదు? చెంచుల మీద పుస్తకం, శామీర్‌పేట మీద పుస్తకం తెలుగులో ప్రతి మండల గ్రంథాలయంలో ఉండాలె.

నాలుగు, మన ఊళ్ళల్ల ఏ పరిశోధన చేసినా దాని సారాంశం తెలుగులో గ్రామసభలో చదివి వినిపించనిదే డిగ్రీ ఇవ్వొద్దు, బిల్లు పాస్ చేయొద్దు. ఊరు తప్పు పడితే ఆ తప్పు గూడా రిపోర్టులో రాయాలె.

ఐదు, భూసేకరణకు సామాజిక ప్రభావ అంచనాను మినహాయించే సవరణ పోవాలె. ఆ అంచనా వేసే బృందంలో ఆ జిల్లా విద్యార్థులుండాలె.

ఇవి సర్కారు చేయాల్సినవి. మన వంతూ ఉన్నది. విద్యార్థి మిత్రులారా, సోషియాలజీ సీటు వచ్చిందని సిగ్గుపడకండి. ప్రాజెక్టు కొనకండి. మీ ఊరి గుంపు మేస్త్రీ లెక్కల పుస్తకం ఒక్కటి చదివి రాస్తే కొన్న ప్రాజెక్టులు నూరు దాని ముందు నిలబడవు. ఉద్యోగ మిత్రులారా, 'డోర్ లాక్' అని రాసే ముందు పక్కింటోళ్ళను ఒక్క మాట అడగండి. వాళ్ళు ఎటు పోయిండ్రు, ఎన్నడొస్తరు? ఆ రెండు మాటలు ఫారం అంచున రాయండి. పత్రికలోళ్ళం మేమూ మాట ఇస్తున్నం. మా పేజీలో అచ్చయిన ఊరికి ఆ పేజీ తీసుకొని మళ్ళా పోతం, చదివి వినిపిస్తం.

నీళ్ళ కోసం కొట్లాడినం, నిధుల కోసం, నియామకాల కోసం కొట్లాడినం. మన సంగతి మనం రాసుకునే హక్కు కోసం కొట్లాట ఇప్పుడు మొదలుపెట్టాలె. వడ్డేపల్లి అవ్వ ఇంకా అరుగు మీదనే కూసోని ఉన్నది. ఈసారి జీపు ఆగినప్పుడు దాంట్లోంచి దిగేది ఆమె మనుమరాలు కావాలె. అవ్వ చెప్పింది రాసుకోవాలె, రాసింది అవ్వకే మొదట చదివి వినిపించాలె. "ఇది నేను చెప్పిందే బిడ్డా, సరిగ్గ రాసినవు" అని ఆమె అన్ననాడే మన పిల్లలకు ఎంఏ డిగ్రీ వచ్చినట్టు!